ముప్పై రెండో పన్ను

బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంటే దుంగల వరస సరిగ్గా కంటి ఎత్తుకి వచ్చింది. రెండు దుంగల మధ్య బెత్తెడు సందు, ఆ సందులోంచి చూస్తే బల్ల, బల్ల చివర బిగించిన ఇనప దవడల వైసు, వైసు పైన కిటికీ, కిటికీ పక్కన మేకులకి వేలాడుతున్న అయిదు గొలుసు రంపాలు, అన్నీ కనిపిస్తున్నాయి, తను మాత్రం ఎవరికీ కనిపించడు. మూడయింది. రంపంలోకి చమురు అయిపోయిందనీ బజారుకి వెళ్ళి తెస్తాననీ ఇంట్లో అందరికీ వినపడేలా చెప్పి, వీధి గేటు చప్పుడయ్యేలా వేసి, పక్క సందులోంచి చుట్టుతిరిగి వచ్చి తన షెడ్డులోకే తను వెనక తలుపు గుండా దూరాడు దారం మేస్త్రి. అరవై ఏడేళ్ళ వయసులో సొంత షెడ్డులో నక్కి కూర్చోవలసి రావడం ఏం ఖర్మ అనిపించింది గాని, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అదెందుకంటే ఈశ్వరుడికి బకెట్టు మీద గంటసేపు కదలకుండా కూర్చునే ఓపిక లేదు, అంతే. తనకుంది. ముప్పై నాలుగేళ్ళు చెట్లు కొట్టిన మనిషికి ఓపిక లేకుండా ఎలా ఉంటుంది. చెట్టు ఎటు ఒరుగుతుందో చూసి చూసి గాని కోత పెట్టకూడదు. మనిషయినా అంతే.

ఎవరా దొంగ అంటే ఎవరని చెప్పాలి, సొంత అల్లుడు. కట్టుడు పళ్ళు చేసే పని అతనిది. పళ్ళ డాక్టర్లు అచ్చులు తీసి పంపిస్తే పై వాటాలో ఓ గదిలో కూర్చుని గులాబీ రంగు చిగుళ్ళూ తెల్లటి పళ్ళూ పొద్దస్తమానం రుద్దుతూ ఉంటాడు. కూతురూ అతనూ పై వాటాలోకి వచ్చి ఏడు నెలలయింది, వచ్చినప్పట్నించీ మేస్త్రి అతన్ని మనసులో పళ్ళాయన అనే పిలుచుకుంటున్నాడు. మాట మెత్తన, నడక మెత్తన, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉంటాడు, కాని ఊరందరికీ పళ్ళు చేసేవాడికి కొరకడం రాదంటే నమ్మడానికి తన చెవిలో పువ్వేమీ లేదు. వచ్చిన నెలలోపే అత్తగారికో పళ్ళ సెట్టు చేసిచ్చాడు. అంతకుముందు ఆవిడ సెట్టు నోట్లో కన్నా గ్లాసులోనే ఎక్కువ ఉండేది, ఇప్పుడు వేయించిన గింజలు కూడా పటపటా నమిలేస్తోంది. పళ్ళిచ్చి ముసలావిణ్ణి తనవైపు తిప్పుకున్నాడు, ఆ పళ్ళతోనే ఆవిడ ఇప్పుడు మొగుణ్ణి చూసి నవ్వుతోంది. కూతురు సరే, మొదట్నించీ మొగుడి పక్షమే. ఇల్లంతా ఒకటయింది, ఈ షెడ్డొక్కటే తనకి మిగిలింది, ఇప్పుడు దీని మీద పడ్డాడు.

ఊరికే అనుమానించడానికి తనకేం పిచ్చా, సాక్ష్యాలున్నాయి. మొదటిది సుద్ద గుర్తు. గొలుసుకి పళ్ళు ముప్పై రెండు, మనిషి నోట్లో ఉన్నట్టే, కుడిపక్కకి పదహారు, ఎడమపక్కకి పదహారు, ఒకదాని తర్వాత ఒకటి. పదును పెట్టేటప్పుడు మొదటి పన్ను మీద సుద్దముక్కతో చిన్న గీత పెట్టుకుని, ఒక్కో పంటికి ఆకురాయితో అయిదేసి తోపులు, అయిదంటే అయిదు, ముప్పై నాలుగేళ్ళుగా అంతే. ముందుకి తోసేటప్పుడు ఒత్తాలి, వెనక్కి తీసేటప్పుడు ఆకురాయి గాల్లో ఉండాలి. ఆ గీత ఎప్పుడూ తన చేతి గీతే, కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. రెండు నెలల కిందట ఒకరోజు చూస్తే గీత నిటారుగా ఉంది. చెరిగిపోయిన గీతని ఎవరో మళ్ళీ పెట్టారు, తనకన్నా బాగా పెట్టారు, అక్కడే దొరికిపోయారు. రెండోది పొడి. వైసు దవడల మధ్య చిటికెడు గులాబీ రంగు పొడి. చెట్లు కొట్టేవాడి షెడ్డులో రంపపు పొట్టు ఉంటుంది, తుప్పు ఉంటుంది, గులాబీ రంగు పొడి ఎక్కణ్ణించి వస్తుంది, చిగుళ్ళు రుద్దేవాడి చేతుల్లోంచి కాకపోతే. మూడోది, మొన్న భోజనాల దగ్గర కావాలనే ఎవర్నీ చూడకుండా, ఎవరో నా మిషన్లు ముట్టుకుంటున్నారర్రా అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పళ్ళాయన వెంటనే తన చేతులు బల్ల కిందకి దించేశాడు. పెళ్ళాం మాత్రం అనుమానం పెనుభూతం అని తాపీగా నములుతూ కూర్చుంది. కూతురు మంచినీళ్ళ కోసమని లేచింది. చెంబు నిండా నీళ్ళుండగానే లేచింది.

ఎండ కిటికీలోంచి జరిగి ముసలిదాని మీద పడింది. ముసలిది అంటే మొదటి మేకుకున్న రంపం, అయిదింట్లోకీ పెద్దది, తనకన్నా నాలుగేళ్ళే చిన్నది. రంగు ఎప్పుడో పోయింది, పిడి మీద తన అరచేయి మేర ఇనుము నున్నగా మెరుస్తూ ఉంటుంది. దాని పక్కది దగ్గులోడు, తాడు లాగితే మూడుసార్లు దగ్గి నాలుగోసారి అందుకుంటుంది, మూడోసారికే అందుకుంటే ఏదో జబ్బు చేసిందని అర్థం. దాని పక్కన మేనత్త, మొదలెట్టడానికి బతిమాలించుకుంటుంది, మొదలెట్టిందా ఆపడం ఎవరి తరం కాదు. చివరి రెండూ కవలలు, ఒకదాని ప్లగ్గు ఇంకోదానికి పెడితే అలుగుతాయి. వీటిలో ఏ ఒక్కటీ కొత్తగా కొన్నది కాదు. ఎవరో మూలన పడేసినవి, వానకి తడిసినవి, బిగుసుకుపోయి ఇక తిరగదని వదిలేసినవి, ఒక్కోదాన్నీ విప్పి, కిరసనాయిలులో నానబెట్టి, కార్బొరేటరులోని సన్నటి బెజ్జాల్లోకి నోటితో ఊది, ఊది, ఒకనాటి పొద్దున తాడు లాగితే గుండెలో కొట్టినట్టు గభాలున అందుకుంటుందే, ఆ నీలిపొగ, ఆ కాలిన నూనె వాసన, దానికోసం మనిషి అన్నం మానేసినా తప్పులేదు. వేలాడదీసి చూసుకోవడానికి కాదు, అలా చూసుకునేవాళ్ళని చూస్తే తనకి అసహ్యం. రంపం కొయ్యాలి. వారానికొకసారైనా ఒక్కోదానికీ ఓ దుంగ పెట్టకపోతే వాటికి నిద్ర పట్టదు, తనకీ పట్టదు. జిరాఫీగాడు, తన దగ్గరే పని నేర్చుకున్నవాడు, పొడుగ్గా ఉంటాడని ఆ పేరు, ఇప్పుడు వాడిదే జట్టు, వాడు బ్యాటరీ రంపం పట్టుకుని తిరుగుతున్నాడు. ఈగ గీపెట్టినట్టుంటుంది దాని చప్పుడు. మేస్త్రీ ఆ ఇనపగుండ్లని మోసే బదులు ఇదొకటి తీసుకోకూడదూ అంటాడు. వాడే ఒకప్పుడు తను నరికిన మొద్దు మీద ఈ చివర్నించి ఆ చివరికి దారం లాగి పట్టుకుని, దారానికీ కోతకీ మధ్య గోరు కూడా దూరడం లేదని జట్టంతటినీ పిలిచి చూపించాడు. దారం మేస్త్రి అన్న పేరు ఆ రోజునే పడింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు మాసిపోయి ఈ పేరు మిగిలింది, ఇప్పుడు దీన్ని కూడా ఎవరో మాసిపొమ్మంటున్నారు.

అవును, కోత తప్పిన ఆ రోజు. ఆర్నెల్లయింది. పెరట్లో ఎండిపోయిన చెట్టు, పెద్దదేం కాదు, రెండు చేతులకి అందేంత లావు. ముసలిదాంతో తను కోత పెట్టాడు, కూతురు ఎప్పట్లాగే తాడు పట్టుకుని అవతల నిలబడింది. చిన్నప్పట్నించీ తాడు పట్టుకోవడం దాని పని, ఎప్పుడు లాగాలో ఎప్పుడు వదలాలో దానికి చెప్పక్కర్లేదు. సగం దాకా బాగానే దిగింది కోత, అక్కణ్ణించి కుడికి తిరగడం మొదలెట్టింది, ఎంత అదిమినా తిరుగుతూనే పోయింది, ఎవరో అవతల్నించి గొలుసు తిరిగే ఇనప బారు పట్టుకుని లాగుతున్నట్టు. చెట్టు పడవలసిన చోట పడలేదు. కూతురు పాదాలకి జానెడు దూరంలో పడింది. దుమ్ము తగ్గాక చూస్తే అది నిలబడే ఉంది, తాడు చేతిలోనే ఉంది, నాన్నా బాగానే ఉన్నాను అని నవ్వింది, పెదాల్లో మాత్రం నెత్తురు లేదు. పైన కిటికీలో పళ్ళాయన నిలబడి చూస్తున్నాడు. అరవలేదు, పరిగెత్తుకు రాలేదు, అలా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తను గొలుసు విప్పి చూస్తే కుడిపక్క పళ్ళు పొడుగ్గా, ఎడమపక్కవి పొట్టిగా, ఒక్కోటి ఒక్కో వాలుగా ఉన్నాయి, నేర్చుకునే పిల్లలు రుద్దినట్టు. తను ముందురోజే పదును పెట్టాడు. అయిదేసి తోపులు, లెక్క తప్పలేదు. మరి తను పెట్టిన పదును వంకర ఎలా పోతుంది, ఎవరో చెయ్యి పెడితే తప్ప. ఇందులో అర్థం కానిదేముంది. ముసలాయన చేత రంపాలు మాన్పించాలి, మాన్పిస్తే అయిదూ ఎవరికో అంటగట్టి షెడ్డులో పళ్ళ కార్ఖానా పెట్టుకోవచ్చు. వచ్చిన కొత్తలోనే అడిగాడుగా, మామయ్యా ఇలాంటివి ఇప్పుడు కావాలన్నా దొరకవట కదా అని. దొరకవని తెలిసినవాడికి వాటితో పనేమిటి.

అక్కడో చిన్న చిక్కుముడి ఉంది, దాన్ని ఇన్నాళ్ళుగా విప్పుతూనే ఉన్నాడు. ఆ రోజు తర్వాత కోత మళ్ళీ తిన్నగా పోతోంది. చెడగొట్టేవాడు చెడగొట్టి ఊరుకోవాలి గాని ఎందుకు మానేశాడు. భయపడ్డాడు, అంతే, పెళ్ళాం కాళ్ళ దగ్గర చెట్టు పడేసరికి జడుసుకుని జాగ్రత్తపడ్డాడు. జాగ్రత్తపడినవాడు మరి గులాబీ పొడి ఎందుకు రాలుస్తున్నాడు. ఇంకేదో చేస్తున్నాడు. తిన్నగానే పోతోంది గాని, పూర్తిగా దారం మాత్రం కాదు, బారు దిగుతున్నంతసేపూ ఉండి ఉండి ఓ సన్నటి ఎగుడు తగులుతుంది, ఏదో ఓ పన్ను మాటిమాటికీ కర్రని తన్నుతున్నట్టు. చేతికి కాదు, చెవికి తెలుస్తుంది. చేతికి ఎందుకు తెలియదంటే, ఈమధ్య చలి ఎక్కువైంది. చలికి వేళ్ళ చివర్లు సుద్దముక్కల్లా తెల్లబడతాయి, ఎవరికైనా తెల్లబడతాయి. చొక్కాలు కుట్టేవాళ్ళు కూడా గుండీలు మరీ చిన్నవి పెడుతున్నారు, కాజాలు ఇరుగ్గా కుడుతున్నారు, బట్ట ఆదా చెయ్యడానికి కాబోలు. గ్లాసులు మరీ నున్నగా చేస్తున్నారు, చేతిలోంచి జారిపోతున్నాయి. మొన్న పొయ్యి మీంచి వేడి గిన్నె ఒట్టి చేత్తో దించి పెడితే పెళ్ళాం నోరు తెరిచి చూసింది. దుంగలు మోసిన చేతులకి వేడేమిటే అన్నాడు. సాయంత్రానికి బొబ్బలెక్కాయి, అది వేరే సంగతి.

ఎవరికీ చెప్పకుండా ఒకసారి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాడు. ఆయన సూది తీసుకుని వేళ్ళ చివర్లు పొడుస్తూ తెలుస్తోందా తెలుస్తోందా అన్నాడు. తెలుస్తోందండీ అన్నాడు తను, కళ్ళెదురుగా పొడుస్తుంటే తెలియకేం. కళ్ళు మూసుకోండి, ఇప్పుడు చెప్పండి అన్నాడు. మూసుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నా ఆయన పొడవడేమిటి అని కళ్ళు తెరిస్తే, పొడిచేశానండీ నాలుగు వేళ్ళూ, అన్నాడు డాక్టరు. రంపం అదురుకి నరాలు పోయాయట, పాత రంపాలకి అదురు మరీ ఎక్కువట, ఇక మానెయ్యాలట. బయటికొస్తే అదే వీధిలో నాలుగు కొట్ల అవతల బ్యాటరీ రంపాల కొట్టు, రెండు బోర్డులూ ఒకే చేత్తో రాసినట్టున్నాయి. ఇంకేం కావాలి. తను చొక్కా గుండీలు పెట్టుకుని బయటపడేసరికి చాలాసేపయింది. ఇంట్లో చెప్పలేదు, చెప్పడానికేముంది గనక.

ఇవాళ మాత్రం వాడు రాక తప్పదు. రేపు పొద్దున పక్కింటి గోడమీదికి ఒరిగిన చెట్టు కొట్టాలి. ముసలిదాంతో తప్ప అంత లావు తెగదు, తను పొద్దున్నే భోజనాలకి ముందు దానికి పదును పెట్టి, గీత పెట్టి, గీత ఎంత ఒరిగిందో గుర్తుపెట్టుకుని మరీ తగిలించాడు. షెడ్డు తలుపు గొళ్ళేనికి ఎప్పట్లాగే నల్లదారం పోగు కట్టాడు. కోత తప్పితే రేపు చెట్టు పక్కింటి కప్పు మీద పడుతుంది, లేదా అవతల తాడు పట్టుకుని నిలబడ్డ కూతురి మీద పడుతుంది. అందుకే ఇవాళే తేలిపోవాలి. ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. పళ్ళు రాలగొడతానని అనకూడదు, పళ్ళు రాలితే వాడు మళ్ళీ చేసుకోగలడు. నింపాదిగా చెప్పాలి, ఈ నెలాఖరుకి వాటా ఖాళీ చెయ్యి నాయనా, అని. కూతురు ఏడుస్తుంది. ఏడవనీ. ఏడ్చేవాళ్ళని చూసి ఆగిపోతే జీవితంలో ఒక్క చెట్టూ కొట్టలేడు. అలా అనుకున్నాడు గాని, కూతురు రెండు నెలలు అమ్మగారింట్లో ఉంటానంటేనే పై వాటాకి కొత్త రంగు వేయించినవాడు తను. ఎడమకాలు తిమ్మిరెక్కింది. కదిపితే బకెట్టు చప్పుడవుతుంది. కదపలేదు.

అడుగుల చప్పుడు కాలేదు. తలుపు దగ్గర నీడ పడింది. చెప్పులు బయటే విడిచాడు, చూశావా, మంచి పని మీద వచ్చేవాడు చెప్పులెందుకు విడుస్తాడు. పళ్ళాయన గొళ్ళేనికున్న దారం పోగు రెండు వేళ్ళతో జాగ్రత్తగా విప్పి, పారెయ్యకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు, పోయేటప్పుడు మళ్ళీ కట్టడానికి. అంటే ఇన్నాళ్ళూ కడుతున్నాడన్నమాట. మేస్త్రికి ఒళ్ళు మండింది. లేవబోయి ఆగాడు, రెండు చేతులా పట్టుకుంటేనే దొంగ, ఏదో ఒక సామాను విప్పి జేబులో వేసుకోనీ, అప్పుడు చెబుతాను. పళ్ళాయన ముసలిదాన్ని మేకు మీంచి దించాడు. తోసినట్టో లాగినట్టో కాదు, చంటిపిల్లని మంచం మీంచి ఎత్తుకున్నట్టు కింద చెయ్యి వేసి దించాడు. వైసులో పెట్టి దవడలు బిగించాడు. నుదుటికి కట్టుకున్న చిన్న భూతద్దం కంటి మీదికి లాక్కున్నాడు. సుద్ద గీతని చూశాడు, అక్కణ్ణించి మొదలుపెట్టి ఒక్కో పన్నూ వేలితో తడిమి, వంగి చూసి, జేబులోంచి ఆకురాయి తీశాడు.

ముందుకి తోస్తూ ఒత్తాడు. వెనక్కి తీసేటప్పుడు గాల్లోకి లేపాడు. అది తన పద్ధతి. ఇంకెవరి పద్ధతీ కాదు, జిరాఫీగాడు కూడా వెనక్కి గీకుతాడు, తిట్టి తిట్టి విసిగిపోయాడు తను. ఇతనికెవరు చెప్పారు, పై కిటికీలోంచి చూసి నేర్చుకున్నాడా, ఎన్నాళ్ళు చూస్తే ఈ చెయ్యి వస్తుంది. ఒక పంటికి మూడు తోపులు, ఇంకోదానికి ఏడు, ఇంకోదానికి రెండు, ప్రతిసారీ ఆగి భూతద్దంలోంచి చూసి, మళ్ళీ. మేస్త్రి లెక్కపెడుతూ కూర్చున్నాడు, అరవాలన్న సంగతి లెక్కలో పడి మరిచిపోయాడు. ఇరవై ఒకటో పన్ను దగ్గరుండగా తలుపు దగ్గరికి కూతురు వచ్చింది.

"అయిందా?"

"ఇంకా పదకొండున్నాయి."

"పోయినసారి ఇంతసేపు పట్టలేదు కదా."

"పోయినసారి సగం బాగానే ఉన్నాయి. ఈసారి అలా లేవు."

కూతురు వీధి వైపు ఓసారి చూసింది. "అమ్మ గేటు దగ్గర కూర్చుంది, నాన్న కనిపిస్తే దగ్గుతానంది. నాన్నకి చెప్పేద్దామా? వేళ్ళు కాలినా తెలియలేదట మొన్న. రేపు మళ్ళీ ఆయన మిషను పట్టుకుంటే అవతల తాడు పట్టుకునేది నేనే."

"ఏమని చెబుతాం, మీ చేతులు పోయాయనా? ఇవి లేకపోతే ఆయన నాలుగు రోజులు ఉండగలరా. నేను చూసుకుంటున్నాగా."

"నువ్వే దొంగవనుకుంటున్నారు."

"అనుకోనీ. తన చేతిని అనుమానించడం కన్నా నన్ను అనుమానించడం నయం కదా."

కూతురు వెళ్ళిపోయింది. మేస్త్రి బకెట్టు మీద అలాగే ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కటిగా పేర్చుకున్న సాక్ష్యాలన్నీ, గీతా పొడీ దారం పోగూ, ఒక్కసారిగా తిరిగి తన వైపే చూశాయి. ఆ రోజు కుడికి తిరిగిపోయింది ఎవరి చెయ్యి పడితే మరి. నేర్చుకునే పిల్లలు రుద్దినట్టుంది అనుకున్నాడే, అది తను రుద్దింది. జానెడు దూరం. ఆ జానెడే లేకపోతే ఇవాళ తలుపు దగ్గర నిలబడి నాన్న నాన్న అనడానికి అది ఉండేది కాదు. పైన కిటికీలో కదలకుండా నిలబడ్డవాడు కాళ్ళు చచ్చుబడి నిలబడ్డాడు, తనకి ఇప్పుడు కాళ్ళు ఇలా అయినట్టే. వాటా ఖాళీ చెయ్యి నాయనా అనబోయాడు తను. సిగ్గేసింది. భయం కూడా వేసింది, ఇది, చెట్టు ఎవరి మీదైనా పడుతుందేమోనన్న భయం కాదు, రేపట్నించి పొద్దున్నే లేచి ఏం చెయ్యాలన్న భయం. కుడిచేతి బొటనవేలు చూపుడువేలికి రాసి చూశాడు. రాసుకుంటున్నట్టు కళ్ళకి కనిపిస్తోంది, అంతే.

అవతల తోపులు సాగుతున్నాయి. ఇరవై ఆరు, ఇరవై ఏడు, తెలియకుండానే లెక్క నడుస్తోంది. ముప్పై. ముప్పై ఒకటి. చివరి పన్ను దగ్గర పళ్ళాయన వంగి భూతద్దంలోంచి చూశాడు, చూసి, ఆకురాయి తుడిచి జేబులో పెట్టేసుకున్నాడు. గొలుసుకి చమురు రాయబోయాడు. అప్పుడు మేస్త్రి ఆగలేకపోయాడు. కోపం లేదు, దొంగ లేడు, కాని పని సగంలో వదిలేస్తే చూస్తూ ఊరుకోవడం ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చేతకాలేదు.

"ఆ ఒక్కటీ వదిలేశావేం?"

చమురు డబ్బా కింద పడింది. పళ్ళాయన దుంగల వైపు తిరిగాడు, భూతద్దం ఇంకా ఒక కంటి మీదే ఉంది, ఆ కన్ను కోడిగుడ్డంత కనిపించింది. మేస్త్రి దుంగ పట్టుకుని లేచాడు, ఎడమకాలు మాట వినక ఒరిగిపోతుంటే అతను గబగబా వచ్చి భుజం కింద చెయ్యి వేశాడు. ఇద్దరూ బల్ల దాకా నడిచారు.

"ఎప్పట్నించి ఉన్నారు మామయ్యా?"

"మూడింటినించి. అది చెప్పు, అదెందుకు వదిలేశావు?"

పళ్ళాయన తల దించుకున్నాడు. "అది మీరు పెట్టిన పదునే. సరిగ్గా ఉంది. సరిగ్గా ఉన్నవాటిని నేను ముట్టుకోను."

"ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ అంతే. మీ చేతిది మీకే ఉండాలని."

ఓహో, అదన్నమాట. కోతలో ఉండి ఉండి తగిలే ఆ ఎగుడు, కర్రని తన్నే ఆ పన్ను, దొంగపని అని ఇన్నాళ్ళూ చెవులు రిక్కించి విన్నది ఇది. ఊరందరికీ పళ్ళు చేసేవాడికి ఈ ముక్క తెలియలేదా అనుకున్నాడు. తెలిసే ఉంటుంది, నోట్లో ఒక్క పన్ను పొడుగ్గా ఉంటే మనిషి ముద్ద నమలలేడని వాడికన్నా ఎవరికి తెలుసు. తెలిసీ గౌరవం కోసం వదిలేశాడు.

"ఇప్పుడెన్ని వదిలావు?"

"ఈసారి..." అని ఆగాడు అతను. "అదొక్కటే మామయ్యా."

మేస్త్రి ఆ పన్ను మీద బొటనవేలు పెట్టాడు. ఏమీ తెలియలేదు. వేలు తీసి చూస్తే సన్నగా ఎర్రటి గీత ఉంది. బాగానే పెట్టాడు తను పదును. పళ్ళాయన జేబులోంచి గుడ్డ తియ్యబోతే వద్దని చేత్తో వారించి, వేలు చొక్కాకి తుడుచుకున్నాడు.

"నా వేళ్ళకి తెలియడం లేదు అల్లుడూ. ఏడాది దాటింది." ఆ మాట నోట్లోంచి వచ్చాక అంత పెద్దగా అనిపించలేదు. "రేపు కోతకి జిరాఫీని పిలుస్తాను, మూతి ముడుచుకోకుండా ముసలిదాన్నే పట్టుకోమంటాను. తాడు నేను పట్టుకుంటాను. అమ్మాయి గేటు ఇవతలే ఉంటుంది."

"సరే మామయ్యా."

"ఇప్పుడు దాన్ని కూడా రుద్దెయ్."

పళ్ళాయన కదల్లేదు. "అది బాగానే ఉంది కదండీ. మీది."

"ముప్పై ఒకటీ తగ్గించి ఒక్కదాన్ని వదిలేస్తే అది బాగున్నట్టు కాదు. రంపానికి నాదీ నీదీ ఏమిటి, అన్నీ ఒక్క ఎత్తున ఉండాలి. లేకపోతే కోత చెడుతుంది." కిటికీ గట్టు మీది టార్చి అందుకుని, జారిపోకుండా రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుని, వెలుగు పంటి మీదికి తిప్పాడు. "రెండు తోపులు చాలు. వెనక్కి గీకకు."

"గీకనండీ," అని అతను వంగాడు.

గేటు దగ్గర ముసలావిడ ఎందుకో ఒకసారి దగ్గింది, ఎవరూ పట్టించుకోలేదు. ఒకటి. రెండు. పళ్ళాయన ఆకురాయి తీసేసి గొలుసుని వేలితో ఒక చుట్టు తిప్పాడు, టార్చి వెలుగులో ముప్పై రెండు పళ్ళూ ఒకదాని వెనక ఒకటి మెరుస్తూ వెళ్ళాయి. సుద్ద గీత ఎప్పుడో చెరిగిపోయింది. వాటిలో తనది ఏదో దారం మేస్త్రి గుర్తుపట్టలేకపోయాడు.